తడి సున్నం మీద మెక్సికో: తొమ్మిది రోజుల ప్రయాణం

ముప్పై ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేశాను. కూజా, చెక్కపెట్టె, బంతి బల్ల మీద పెట్టి, "వెలుతురు ఎటునుంచి పడుతోందో ముందు చూడండర్రా" అని పిల్లల చేత గీయించడమే నా ఉద్యోగం. ఆ పద్ధతి మన గడప లోపల పుట్టింది కాదు. తెల్లవాళ్ల ఆర్ట్ స్కూళ్ల నుంచి వచ్చింది. పరాయి పద్ధతిలో చెయ్యి తిరిగినవాడు తన ఊరి బొమ్మను తనదిగా వెయ్యగలడా అన్న ప్రశ్న రాజమండ్రివాళ్లకి కొత్త కాదు. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని వచ్చి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు బొమ్మలు మా ఊళ్లోనే ఉన్నాయి. వాటి ముందు నిలబడి ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. ఒక దేశం మొత్తం దాన్ని నూట యాభై ఏళ్లపాటు వేసుకుంటే ఏమవుతుందో చూడాలని ఉద్యోగ విరమణ అయ్యాక మెక్సికో వెళ్లాను.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. అక్కడినుంచి వాళ్ల అమ్మాయి నాతో వచ్చింది. స్కూల్లో నాలుగేళ్లు స్పానిష్ చదివింది, అందుకే ఈ ప్రయాణం సాగింది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మనవాళ్లకి మెక్సికో టూరిస్టు వీసా విడిగా అక్కర్లేదు, అయినా టికెట్ కొనేముందు ఒకసారి సరిచూసుకోండి. మేం ఫిబ్రవరిలో వెళ్లాం. వానలుండవు, పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ. నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటిరోజు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, కంగారుపడకండి. ఆ రోజు ఏ పెద్ద పనీ పెట్టుకోకుండా నీళ్లు బాగా తాగి పడుకోవడం మంచిది. కుళాయి నీళ్లు మాత్రం వద్దు. విమానాశ్రయంలో లోపలే కౌంటర్ దగ్గర డబ్బు కట్టి చీటీ తీసుకునే టాక్సీలున్నాయి. బయట పిలిచేవాళ్లతో బేరాల బాధ ఉండదు. మెట్రో అయిదు పెసోలే, అంటే మన డబ్బుల్లో పాతిక దరిదాపు. రద్దీ వేళల్లో ముందు పెట్టెలు ఆడవాళ్లకీ పిల్లలకీ విడిగా ఉంచుతారు. నేను వాటిలోనే తిరిగాను, ఎక్కడా భయమనిపించలేదు.

మొదటి మూడు రాత్రులు పాత నగరంలో, పెద్ద చర్చి వెనక వీధిలో ఒక హోటల్లో ఉన్నాం. చూడాల్సినవన్నీ కాలినడకన పది పదిహేను నిమిషాల్లో ఉండటం దాని గొప్ప. గది శుభ్రంగా ఉంది, వేణ్నీళ్లు ఎప్పుడూ వచ్చాయి. అయితే మా కిటికీ కింద ఒక బారుంది. రాత్రి రెండింటిదాకా పాటలే. గది మార్చమని రెండుసార్లు అడిగితే రేపు చూస్తామన్నారు, ఆ రేపు రాలేదు. బుక్ చేసేటప్పుడే "వీధి వైపు కాకుండా లోపలి పెరడు వైపు గది" అని రాయించుకోండి. ఈ పాత భవనాలన్నిటికీ మధ్యలో, మన మండువా లోగిలిలాగా, తెరిచిన పెరడుంటుంది. అటు వైపు గదులు ప్రశాంతంగా ఉంటాయి.

రెండోరోజు పొద్దున్నే శాన్ కార్లోస్ అకాడమీకి వెళ్లాం. టూరిస్టు బస్సులు అటు పోవు. సొకలో అనే పెద్ద చౌకు నుంచి రెండు మూడు వీధులు తూర్పుగా నడిస్తే, అకాడమీ పేరే పెట్టుకున్న వీధిలో కనిపిస్తుంది. చుట్టూ స్టేషనరీ కొట్లు, బట్టల కొట్లు, తోపుడుబళ్లు. 1781లో నాణేల టంకశాలలో అచ్చులు చెక్కే జెరోనిమో అంతోనియో గిల్ అనే ఆయన మొదలుపెట్టిన పాఠశాల ఇది. రెండు అమెరికా ఖండాల్లోకీ మొదటి చిత్రకళా అకాడమీ. 1791లో ఈ భవనంలోకి మారింది. అంతకుముందు ఇదొక ఆస్పత్రి.

లోపలికి అడుగుపెట్టగానే ఇనుమూ గాజూ కలిసిన పైకప్పు కింద, తల లేని రెక్కల విజయదేవత నిలబడి ఉంటుంది. పారిస్‌లోని గ్రీకు శిల్పానికి ప్లాస్టర్ నకలు. చుట్టూ మైకెలాంజెలో బొమ్మల నకళ్లు. మా అమ్మాయి "అత్తా, ఇవన్నీ డూప్లికేట్లా?" అంది కొంచెం నిరాశగా. అవునన్నాను. కానీ నాకు అసలు కన్నా ఈ నకళ్లే ముఖ్యం. ఎన్ని తరాల పిల్లలు వీటి ముందు కూర్చుని బొగ్గుపుల్లతో భుజం ఎక్కడ తిరిగిందో, బట్ట ముడత ఎక్కడ నీడలోకి జారిందో చూసి నేర్చుకున్నారో! కొన్ని బొమ్మల మోకాళ్ల దగ్గర ప్లాస్టర్ నునుపు తేలి ఉంది. తాకిన చేతులవే అయ్యుంటాయి.

ఈ నకళ్ల తొలి సరుకును 1791లో సముద్రం దాటించి తెచ్చినవాడు మాన్యుయేల్ తోల్సా, స్పెయిన్‌లోని వలెన్సియా నుంచి వచ్చిన శిల్పి. దానికి ఏడాది ముందు, 1790 ఆగస్టులో, ఇక్కడికి కూతవేటు దూరంలో చౌకు తవ్వుతుంటే, స్పెయిన్ వాళ్లు రాకముందు ఇక్కడ ఏలిన అస్తెక్ ప్రజల భూమాత కొవాత్లికువే విగ్రహం బయటపడింది. పాముల పావడా, చేతులూ గుండెలూ గుచ్చి మధ్యలో పుర్రె పెట్టిన హారం. దాన్ని విశ్వవిద్యాలయానికి తరలించి, కొన్నాళ్లకి తిరిగి మట్టిలో పూడ్చేశారు. ఒక వీధిలో ఆ ఊరి దేవత నేలకిందకి పోతోంది, పక్క వీధిలో గ్రీకు దేవతలు పెట్టెల్లోంచి బయటకొస్తున్నారు. ఆ పెరట్లో నిలబడి ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టుకుంటే నా ఒళ్లు జలదరించింది. 1803లో ఇక్కడికి వచ్చిన జర్మన్ పండితుడు హంబోల్ట్ ఈ ప్లాస్టర్ బొమ్మలను ఎంతో మెచ్చుకున్నాడు, వాటి సరసన అస్తెక్ రాతి విగ్రహాలనూ పెట్టాలని రాశాడు. సాయంత్రాలు దీపాల వెలుగులో తెల్లవాళ్ల పిల్లలూ అక్కడి ఆదివాసీ కుటుంబాల పిల్లలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని గీస్తున్నారని కూడా రాశాడు. కులాల లెక్కలు కాగితం మీద రాసి పెట్టుకున్న సమాజంలో అది చిన్న విషయం కాదు.

శాన్ కార్లోస్ చూడటానికి గంట చాలు. ఇప్పుడిది విశ్వవిద్యాలయం చేతిలో ఉంది, పైచదువుల క్లాసులు జరుగుతుంటాయి. గేటు దగ్గర మర్యాదగా అడిగితే పెరడు చూడనిచ్చారు, పై అంతస్తుకి వద్దన్నారు. టీ, కాఫీ, సావనీర్ల కొట్టు వగైరా ఏమీ లేవు. అయినా నా మాటగా చెప్తున్నాను: మెక్సికోలో బొమ్మలు చూడాలనుకునేవాళ్లు మొదట ఇక్కడికి రండి. తర్వాత చూసే ప్రతి గోడా వేరేగా కనిపిస్తుంది.

అక్కణ్ణుంచి పశ్చిమంగా ఇరవై నిమిషాలు నడిస్తే తకూబా వీధిలో జాతీయ కళా మ్యూజియం. అందరూ మునాల్ అంటారు. ఎదురుగా తోల్సా కట్టిన గనుల కళాశాల భవనం, రెంటికీ మధ్య తోల్సా చేసిన కంచు గుర్రం, దాని మీద స్పెయిన్ రాజు నాలుగో కార్లోస్. 1803లో నిలబెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక జనం కోపానికి బలి కాకుండా ఏళ్లతరబడి దాచారు. ఇప్పుడు పీఠం మీద, మెక్సికో దీన్ని కళాఖండంగా భద్రపరుస్తోందని రాసి ఉంది. రాజుని వదిలేసి పనితనాన్ని ఉంచుకున్నారు. జనం కూడా దాన్ని "చిన్న గుర్రం" అనే పిలుస్తారు, రాజు పేరెత్తరు.

మునాల్‌కి పూర్తి పూట ఇవ్వండి. మేం వెళ్లినప్పుడు టికెట్ వంద పెసోల లోపే. సంచులు కింద అప్పగించాలి, ఫ్లాష్ కూడదు. సోమవారం సెలవు, ఈ నగరంలో చాలా మ్యూజియాలకీ అంతే. మెట్లు పాలరాతివి, ఎత్తైనవి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లిఫ్ట్ అడగండి, ఉంది.

పందొమ్మిదో శతాబ్దం గదుల్లోనే నేను మూడు గంటలున్నాను. 1840ల్లో అకాడమీకి లాటరీ నడిపే హక్కిచ్చారు. ఆ డబ్బుతో యూరప్ నుంచి గురువులను రప్పించారు. 1846లో స్పెయిన్‌లోని కాతలోనియాకి చెందిన చిత్రకారుడు పెలెగ్రిన్ క్లవే, శిల్పి మాన్యుయేల్ విలార్ వచ్చారు. 1855లో ఇటలీ నుంచి లాందేసియో వచ్చాడు. శిష్యులు మొదట బైబిల్ కథలు వేశారు. తర్వాత దేశం తన కథ అడిగింది. హోసే ఒబ్రెగోన్ 1869లో వేసిన పెద్ద బొమ్మ ముందు కూర్చోవడానికి బల్ల ఉంది, కూర్చుని చూడండి. కిత్తనార మొక్క నుంచి కల్లు తీయడం కనిపెట్టిన అమ్మాయి దాన్ని రాజుకి సమర్పిస్తోంది. కథ వాళ్లదే. సింహాసనం మీద చెక్కడాలూ వాళ్లవే. రాజు కూర్చున్న తీరు, చెయ్యి చాచిన తీరు, ఆ అమ్మాయి మెడ వంపు మాత్రం నేరుగా శాన్ కార్లోస్ పెరట్లోంచి నడిచొచ్చాయి. ఒంటి రంగు కొంచెం ముదురు చేసిన గ్రీకు విగ్రహాలు. రోద్రిగో గుతియెర్రెస్ 1875లో వేసిన త్లస్కాలా సభ కూడా అంతే, రోమన్ సెనేట్‌కి ఈకల కిరీటాలు పెట్టినట్టుంది.

మా అమ్మాయికి అది నచ్చలేదు. "ఇది అబద్ధం కదా అత్తా? వాళ్లు అలా ఉండేవాళ్లు కాదుగా."

"ఉండేవాళ్లు కాదే. కానీ చూడు, వాళ్లని అడవి మనుషులని లోకం అంటున్న రోజుల్లో, రాజులకీ వీరులకీ మాత్రమే వాడే భాషలో వాళ్లని వేశాడు. అతని చేతిలో ఉన్న పెద్ద భాష అదొక్కటే" అన్నాను. అది తనకి పూర్తిగా నచ్చలేదు, నాకూ ఒబ్రెగోన్ బొమ్మ మీద ప్రేమ లేదు. గౌరవం ఉంది. ప్రేమ పక్క గదుల్లో కలిగింది.

పక్కన లెయాంద్రో ఇసగీర్రె 1893లో వేసిన క్వావ్తెమోక్ చిత్రహింస ఉంది. స్పానిష్ వాళ్లు బంగారం కోసం చివరి అస్తెక్ రాజు పాదాలు కాలుస్తున్నారు. గోడంత కాన్వాసు. ఇక్కడ ఒళ్లు ప్లాస్టర్‌ది కాదు. బిగిసిన దవడ, గట్టిగా పట్టిన పిడికిలి చూస్తే ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వేశాడని తెలుస్తుంది. ఆ తర్వాత హోసే మారియా వెలాస్కో గది. లాందేసియో శిష్యుడు, వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం కూడా చదివాడు. ఇటలీ గురువు నేర్పిన దూరాల లెక్క, గాలి పొరల నీలం రంగు, రాతి అంచు గీసే పద్ధతి అన్నీ తీసుకుని మెక్సికో లోయ మీద పెట్టాడు. వెనక రెండు మంచు అగ్నిపర్వతాలు, మధ్యలో ఎండిపోతున్న చెరువు, ముందు ఎర్రటి బండలు, నాగజెముడు. 1877 నాటి బొమ్మలో చిన్నగా ఒక గద్ద కూడా ఉంటుంది. గద్ద, నాగజెముడు ఈ దేశపు జెండా మీద గుర్తులు. జెండా ఎగరేసినట్టు ఎక్కడా అనిపించదు, మామూలు పొద్దు, మామూలు కొండ. ఇటలీ కొండ మీద ఇలాంటి ఎండ పడదు. నా మూడు గంటల్లో గంట ఈ గదికే పోయింది.

చివర్లో సాతుర్నినో ఎర్రాన్ వేసిన "నైవేద్యం", 1913 నాటిది. పడవ నిండా బంతిపూలు, చనిపోయినవాళ్ల పండుగకి తీసుకెళ్తున్న కుటుంబం. ముసలాయన నుంచి చంటిబిడ్డ దాకా మూడు తరాలు. మన గుమ్మాలకి కట్టే బంతికి పుట్టిల్లు ఈ దేశమే. శాన్ కార్లోస్‌లో కాతలాన్ గురువు ఫాబ్రెస్ దగ్గర గీత దిద్దుకున్న ఎర్రాన్ యూరప్ ఎప్పుడూ వెళ్లలేదు. 1918లో ముప్పై ఒకటో ఏట చనిపోయాడు. దామెర్ల గుర్తొచ్చి ఆ బొమ్మ ముందు కాసేపు ఏం మాట్లాడలేకపోయాను.

సేవల గురించి ఒక చేదు మాట. మూడోరోజుకి ఒక టూర్ సంస్థ దగ్గర కుడ్యచిత్రాల నడక అని ముందే డబ్బు కట్టాం. నాలుగు గంటలన్నారు. వచ్చిన గైడు రెండు భవనాలు గబగబా తిప్పి, గంటంబావు వెండి నగల కొట్లో కూర్చోబెట్టాడు. డబ్బు వాపసు అడిగితే జవాబు రాలేదు. ఆ మధ్యాహ్నం మేమే తిరిగి అవే భవనాలకి వెళ్లి, అక్కడ పనిచేసే చదువుకున్న కుర్రవాళ్లని అడిగాం. అడిగినకొద్దీ ఓపిగ్గా చెప్పారు, రూపాయి తీసుకోలేదు. కాబట్టి ముందుగా డబ్బు కట్టే నడకలు వద్దు. లోపల పనిచేసేవాళ్లని అడగండి, ఎవరో ఒకరు దొరుకుతారు.

భోజనం సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఫ్రెస్కో, అంటే తడి సున్నం గోడ మీద వేసే బొమ్మ, నాకు అర్థమైంది తోర్తియా అనే మొక్కజొన్న రొట్టె దగ్గర. నేను శాకాహారిని. గుమ్మడిపువ్వు పెట్టి మడిచిన తోర్తియా (కేసాదియా), నాగజెముడు ముక్కల టాకో, మొక్కజొన్న కంకికి పట్టే నల్లబూజుతో చేసే కూర, అవకాడో, పచ్చడి లాంటి సల్సాలు ఉండగా పస్తు పడుకోనక్కర్లేదు. రెండు జాగ్రత్తలు: రుబ్బిన చిక్కుడుగింజల్లో చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు, "సిన్ మంతేకా" అని అడగండి. రాజధానిలో కేసాదియా అంటే చీజ్ ఉండి తీరాలని లేదు, కావాలంటే "కోన్ కేసో" అని చెప్పాలి. హోటల్ పక్క సందులో ఒకావిడ నీలం మొక్కజొన్న పిండితో తోర్తియాలు తట్టి పెనం మీద కాల్చేది. పిండి ఎలా చేస్తారని అడిగిస్తే, రాత్రి మొక్కజొన్న గింజల్ని సున్నపునీళ్లలో ఉడికించి నానబెడతానంది. మూత తీసి సున్నం డబ్బా చూపించింది. మా నాయనమ్మ తాంబూలం సున్నం కాయ గుర్తొచ్చింది. మెక్సికో చేతికి సున్నం ఎన్ని వేల ఏళ్లుగా తెలుసో!

ఫ్రెస్కో అన్నా సున్నమే. గోడకి తడి సున్నపు పూత వేసి, అది ఆరేలోగా నీళ్లలో కలిపిన రంగు పెట్టాలి. ఆరుతూ ఆరుతూ సున్నం రాయిలా మారి రంగుని తనలోకి తీసుకుంటుంది. అంచేత ఒక రోజులో ఎంత వెయ్యగలరో అంతమేరకే తాపీ మేస్త్రి పూత వేస్తాడు. తప్పు గీస్తే చెరపడం ఉండదు, గోడ గొరిగి మళ్లీ పూత వెయ్యాలి. గీతలో సందేహం ఉన్న చెయ్యికి ఇది పనికిరాదు. శాన్ కార్లోస్‌లో ఏళ్లతరబడి గీసిన చేతులకే ఇది చెల్లింది.

శాన్ ఇల్దెఫోన్సో జెస్విట్ పాదరీల పాత కళాశాల. తర్వాత జాతీయ సన్నాహక పాఠశాల అయింది. 1910లో మొదలైన మెక్సికో విప్లవం తర్వాత విద్యామంత్రి వాస్కోన్సెలోస్ 1922 నుంచి ఇక్కడి గోడలు కుర్ర చిత్రకారులకి అప్పగించాడు. మెట్ల దగ్గర జాన్ షార్లో అనే ఫ్రెంచి కుర్రవాడు వేసిన గోడ ఉంది. వలస కాలం తర్వాత మెక్సికోలో వేసిన మొదటి ఫ్రెస్కో ఇదేనని గోడ మీదే రాశాడు. డియేగో రివేరా మొదటి కుడ్యచిత్రం "సృష్టి" ఇక్కడి సభామందిరంలో ఉంది. అది ఫ్రెస్కో కాదు, మైనం కలిపిన రంగులు. పదేళ్ల వయసులో శాన్ కార్లోస్ రాత్రి క్లాసుల్లో చేరి, వెలాస్కో దగ్గరా ఫెలిక్స్ పార్రా దగ్గరా చదివి, 1907లో యూరప్ వెళ్లి 1921లో తిరిగొచ్చాడు. వచ్చేముందు ఇటలీ చర్చిల గోడలన్నీ చూసొచ్చాడు. "సృష్టి"లో బంగారు వలయాల దేవతలు ఆ చర్చిల్లోంచి లేచొచ్చినట్టే ఉంటారు. బాగుంది, కాని మెక్సికో ఇంకా రాలేదు.

ఇక్కడే గోడలు వేసిన ఇంకో చిత్రకారుడు ఒరోస్కో సంగతి ఆ పెరట్లోనే తేలిపోతుంది. 1923లో వేసిన "మాతృత్వం" ఇంకా ఉంది. ఇటలీ పునరుజ్జీవన కాలపు మేరీ మాతలాగా తెల్లని తల్లి, చుట్టూ తేలే దేవకన్యలు. ఆ కాలంలో వేసిన మిగతావాటిని చాలావరకు ఒరోస్కోయే గొరికేశాడు. 1924లో విద్యార్థులు గొడవచేసి గోడలు పాడుచేశారు, పని ఆగింది. 1926లో తిరిగొచ్చి వేసిన "కందకం" అదే వరండాలో కొన్ని అడుగుల దూరంలో ఉంది. ఎర్రటి నేపథ్యం, ముగ్గురు మనుషులు, ఒకడు చేతులు చాచి రాళ్ల మీద పడి ఉన్నాడు. శిలువ మీద క్రీస్తు భంగిమే అది. ముఖాలు కనిపించవు. ఏ దేవుడి పేరూ లేదు, అక్కడ చచ్చిపోయింది విప్లవంలో తుపాకీ పట్టిన కూలివాడు. ఈ రెండు గోడల మధ్య నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాను. అదే చెయ్యి, అదే చదువు, మధ్యలో మూడేళ్లు. నా ముప్పై ఏళ్ల ప్రశ్నకి ఇంత దగ్గరగా జవాబు ఇంకెక్కడా చూడలేదు.

ఒరోస్కో, తర్వాత పెద్ద కుడ్యచిత్రకారుడైన సికేరోస్ ఇద్దరూ 1911లో శాన్ కార్లోస్ సమ్మెలో ఉన్నవాళ్లు. పాత బోధన మీద తిరగబడి క్లాసులు మానేశారు. సమ్మె తర్వాత 1913లో అకాడమీకి కొత్త అధిపతిగా వచ్చిన రామోస్ మార్తినెస్ ఊరి చివర కాలవ ఒడ్డున ఆరుబయట బడి పెట్టాడు. దానికి ఫ్రాన్స్‌లోని చిత్రకారుల ఊరి పేరే, బార్బిజాన్ అని పిలుచుకున్నారు. అకాడమీ నుంచి పారిపోయినా దారిలో యూరప్ తగులుతూనే ఉంది. దాన్ని తప్పుగా నేను చూడను. ఎటు వెళ్తున్నారో వాళ్లకి తెలుసు.

విద్యాశాఖ పాత భవనం అక్కడికి రెండు నిమిషాలు. ఇప్పుడు కుడ్యచిత్రాల మ్యూజియం చేశారు, ప్రవేశం ఉచితం. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. నగరంలో ఒక్కచోటే చూడగలిగే సమయం ఉంటే నా ఓటు దీనికే. 1923 నుంచి 1928 దాకా రివేరా వేసిన వందకు పైగా ఫ్రెస్కోలు మూడంతస్తుల వరండాల్లో, రెండు పెరళ్ల చుట్టూ ఉన్నాయి. పని మొదలుపెట్టేముందు అతన్ని మంత్రి దక్షిణాన తెహువాంతెపెక్ పంపాడు. ఆ ఆడవాళ్ల పావడాలూ పళ్లబుట్టలూ చూసొచ్చాక చెయ్యి మారింది. అద్దకం పనివాళ్లు, నేతగాళ్లు, చెరకు గానుగ, గని. గని నుంచి బయటకొచ్చే కూలీని సోదా చేస్తుంటే అతను రెండు చేతులూ చాచి నిలబడ్డాడు, మళ్లీ శిలువే. రైతూ కార్మికుడూ కౌగలించుకునే గోడలో, రైతు టోపీ తల వెనక గుండ్రంగా, ఇటలీ చర్చి గోడల మీద సాధువుల కాంతివలయం ఉండేచోట ఉంది. మా అమ్మాయే మొదట పట్టుకుంది. "అత్తా, ఆ టోపీ చూడు, దేవుడి ఫొటోలో వెలుగులాగా!" శాన్ కార్లోస్ వెళ్లకుండా నేరుగా ఇక్కడికొచ్చుంటే ఆ మాట వచ్చేదని నేననుకోను. పై అంతస్తుకి మెట్లు చాలా ఉన్నాయి, మధ్యలో కూర్చోవడానికి చోటు తక్కువ. పొద్దున పదింటికల్లా వెళ్తే ఎండ వరండాల్లోకి రాదు, రంగులు నిబ్బరంగా కనిపిస్తాయి.

బెయ్యాస్ ఆర్తెస్ నాటకశాల గురించి అందరూ రాస్తారు, నేను తక్కువే రాస్తాను. ఇటలీ ఆర్కిటెక్ట్ బొవారి 1904లో మొదలుపెడితే 1934కి పూర్తయింది. మధ్యలో విప్లవం వచ్చింది. బయట తెల్ల పాలరాయి, లోపల వేరే కాలం. వేదిక తెర గాజుముక్కలతో చేసింది, దాని మీద వెలాస్కో బొమ్మల్లో చూసిన ఆ రెండు అగ్నిపర్వతాలే. మేం ఒక ఆదివారం పొద్దున జానపద నాట్య ప్రదర్శనకి వెళ్లాం. 1952లో అమాలియా ఎర్నాందెస్ పెట్టిన బృందం. ఆవిడ నేర్చింది బ్యాలే. పల్లె నృత్యాల్లో ఆ వరసల క్రమం, ఆ పాదాల కచ్చితత్వం కనిపిస్తూనే ఉన్నాయి. ఖరీదు ఎక్కువే. మూడో అంతస్తు టికెట్ తీసుకుంటే వరసల ఆకారం పైనుంచి బాగా తెలుస్తుంది, డబ్బూ మిగులుతుంది.

నాలుగో రాత్రి నుంచి రోమా పేటలో వంటిల్లున్న చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. చెట్ల నీడ, నిశ్శబ్దం, కింద కూరగాయల కొట్టు. అన్నం, పప్పు, పచ్చిమిర్చి వేపుడు చేసుకున్నాం. ఇంటావిడ రోజూ పొద్దున పలకరించి ఎక్కడికెళ్తున్నామో అడిగి బస్సు నంబరు రాసిచ్చేది. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి పాత నగరం హోటల్ కన్నా ఇదే సుఖం, మెట్రోలో అరగంట పోతే పోయింది. మన ఎం.ఎన్. రాయ్ మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ పేటలోనే ఉన్నాడు. 1919లో ఇక్కడ కమ్యూనిస్టు పార్టీ పుట్టుకలో అతని చెయ్యుంది. తర్వాత రివేరా, సికేరోస్ చేరింది ఆ పార్టీలోనే.

రోమా నుంచి రెఫోర్మా రోడ్డు నడక దూరం. అక్కడ క్వావ్తెమోక్ విగ్రహం, 1887 నాటిది. శాన్ కార్లోస్‌లో చదివిన మిగేల్ నొరేన్యా చేశాడు. ఈకల కిరీటం, చేతిలో బల్లెం. బరువంతా ఒక కాలి మీద, రెండోది వదులుగా, భుజం మీద రోమన్ సేనాని ఉత్తరీయంలాంటి బట్ట. చుట్టూ బళ్ల రొద. నేను స్కెచ్‌బుక్ తీసి ఆ నిలబడిన తీరు ఒక్కటీ గీసుకున్నాను.

చివరి రెండు రోజులు గ్వాదలహారాకి పెట్టుకున్నాం. విమానంలో గంటన్నర. బస్సులో ఏడు గంటలంటే నా నడుం ఒప్పుకోలేదు. ఊళ్లో చూడ్డానికి చాలా ఉన్నా మేం వెళ్లింది ఒక్క భవనం కోసం. ఓస్పీసియో కబాన్యాస్, అనాథ పిల్లల కోసం ఒక బిషప్ కట్టించిన ఆశ్రమం, ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉంది. నమూనా తోల్సాది, కట్టించింది అతని శిష్యుడు. అదే తోల్సా, ప్లాస్టర్ బొమ్మలు తెచ్చినవాడు. ఎక్కడా అలంకారం లేదు. తెల్ల గోడలు, ఒకే తీరు స్తంభాలు, ఒకదాని వెనక ఒకటి ఇరవైకి పైగా పెరళ్లు. చిన్నపిల్లలు, జబ్బుపడ్డవాళ్లు మెట్లెక్కనక్కర్లేకుండా చాలావరకు ఒకే అంతస్తు. మధ్యలో గుమ్మటం ఉన్న ప్రార్థనామందిరం.

ఆ తెల్ల గుమ్మటం లోపల 1930ల చివర్లో ఒరోస్కో మంటల్లో పైకి వెళ్తున్న మనిషిని వేశాడు. కుర్రతనంలో మందుగుండు పేలి ఎడమచెయ్యి పోగొట్టుకున్న మనిషి, అంత ఎత్తులో పరంజా మీద నిలబడి, మెడ వెనక్కి వంచి, ఒక్క చేత్తో తడి సున్నం మీద వేశాడు. కింద పడుకుని చూడటానికి బల్లలు పెట్టారు. నేనూ మా అమ్మాయీ పక్కపక్కన పడుకున్నాం. కింద నుంచి చూస్తే పాదాలు దగ్గరగా పెద్దవిగా, తల దూరంగా చిన్నదిగా, మనిషి కుదించుకుపోయి మంటలో కలుస్తున్నట్టు ఉంటాడు. అలా కుదించి గీయడం మనిషి ఒళ్లు ముక్కముక్కగా ఏళ్లపాటు గీస్తే తప్ప రాదు. నా పిల్లల చేత కూజా మూతి గుండ్రం కోలగా ఎందుకు కనిపిస్తుందో చెప్పించిన పాఠమే అది, ఆకాశమంత పెద్దదిగా.

"అత్తా, ఈ మనిషి ఎవరు? దేవుడా?" అని అడిగింది.

"తెలీదమ్మా. చూస్తూ ఉండు."

మూసేవేళ అయిందని కాపలా ఆయన వచ్చారు. నా తెల్లజుట్టు చూసి కాబోలు, వేళ్లు అయిదూ చూపించి, ఇంకో అయిదు నిమిషాలు ఉండమని సైగచేసి, పక్క పెరట్లోకి వెళ్లి తలుపులు ఒక్కొక్కటే వెయ్యడం మొదలుపెట్టారు.